మేస్త్రిగారి దండకడియం

ఆ రోజు మీసాల మేస్త్రి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి షెడ్డు, పదింటికి డ్రైవింగ్ టీచరమ్మకు కారు అప్పగింత. స్నానానికీ షెడ్డుకీ మధ్య మీసం దువ్వుకోవడానికి ఓ పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ సోకు కింద లెక్కెయ్యకూడదు. 'ఇక్కడ మూసిన ఇంజను నుంచి ఒక్క చుక్క కారినా నా మీసం తీసేస్తాను' అని షెడ్డు గోడ మీద మూరెడు అక్షరాలతో రాయించుకున్న మనిషికి, పందెంలో పెట్టిన వస్తువును శుభ్రంగా ఉంచుకోవలసిన బాధ్యత ఉంటుంది.

పందొమ్మిదేళ్లుగా ఆ మీసానికి ఏ గండమూ రాలేదు. ఇంజను దించి, విప్పి, బాగుచేసి, మళ్లీ ఎక్కించిన ప్రతి కారుకీ అప్పగింత రోజున అక్కడొక తంతు జరుగుతుంది. కారు కింద ఉతికిన తెల్లగుడ్డ పరుస్తారు. అరగంట ఇంజను ఆడిస్తారు. తర్వాత కారు యజమాని స్వయంగా వంగి గుడ్డను చూసుకోవాలి. మరక ఉండదు. మేస్త్రి ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, తాళాలతోపాటు చేతిలో పెట్టి, మీసం మీద ఒక్కసారి వేలు ఆనిస్తాడు. మెలెయ్యడు, ఆనిస్తాడంతే. తనలో గర్వం బొత్తిగా లేదని ఆయన నమ్మకం.

స్నానాలగదిలో చొక్కా విప్పాడు. తువ్వాలు అందించబోయిన భార్య చెయ్యి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏంటండీ ఆ దండకడియం?"

"ఏ కడియం?"

"ఎడంచేతికి, మోచెయ్యి పైన. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది, నాకొకటి చేయించమంటే చేయించలేదు. మీరు మాత్రం వేసుకున్నారు."

మేస్త్రి తల తిప్పి చూసుకున్నాడు. మోచేతికి బెత్తెడు పైన, చర్మాన్ని పట్టుకుని, నిగనిగలాడుతూ నల్లటి రబ్బరు రింగు ఉంది. రాత్రంతా ఆ చెయ్యి తిమ్మిరెక్కితే వయసు మీద పడుతోందని దిగులుపడ్డాడు గానీ, చొక్కాతోనే పడుకున్నాడు కనుక విప్పి చూసుకోలేదు. అది టీచరమ్మ కారు ఇంజనులో ఉండవలసిన వెనక సీలు.

ఇది చేతిమీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఇంజనులో తిరిగే పెద్ద ఇరుసుకు ముందొకటి, వెనకొకటి రబ్బరు సీళ్లు ఉంటాయి. లోపలి ఆయిల్ బయటికి రాకుండా కాసేది అవే. వెనక సీలుది మరీ చాటు ఉద్యోగం. దాని మీద ఫ్లైవీలు, ఆ మీద క్లచ్చి, ఆ మీద గేర్‌బాక్సు. ఒకసారి మూశాక దాని మొహం చూడాలంటే ఇవన్నీ దించాల్సిందే. దాని లోపలి అంచు మీద ఇసుకరవ్వంత దుమ్ము పడినా రేపోమాపో కారుతుంది. అందుకని మేస్త్రికి పని నేర్పిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు: కొత్త సీలును బల్ల మీద పెట్టకు, అంచుకు ఆయిల్ రాసి చేతికి తొడుక్కో, వేసే ముందు తియ్యి. ఇంజను సామానుతోపాటు సెట్టులో ఉచితంగా వచ్చే సీళ్లను మేస్త్రి నమ్మడు. వాటిని ఒక డబ్బాలో పడేసి, మంచివి విడిగా తెచ్చుకుంటాడు. తెచ్చుకున్నది చేతికి తొడుక్కుంటాడు. పందొమ్మిదేళ్లలో దాన్ని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

"మాట్లాడరేం?" అంది భార్య.

"సైజు చూస్తున్నాను."

"స్నానాలగదిలోనా?"

మేస్త్రి తలుపేసుకున్నాడు. చెంబుడు నీళ్లు నెత్తిన పోసుకుని నిన్నటి సాయంత్రాన్ని గుర్తుచేసుకున్నాడు. సీలు తొడుక్కున్నాడు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ తన ముగ్గురు శిష్యులతో కారు చూడటానికి వచ్చింది. శిష్యుల్ని చూసేసరికి మేస్త్రికి ఊపొచ్చి, చెయ్యెత్తి సీలు చూపిస్తూ అరగంట పాఠం చెప్పాడు. ఎక్కడో ఎవరో మతిలేని మేస్త్రి సీలు వెయ్యడం మరిచి ఇంజను మూసేసిన కథ చెప్పి, వాళ్లను కడుపుబ్బ నవ్వించాడు. వాళ్లను గేటు దాకా సాగనంపి, అక్కడ ఆ కథనే ఇంకోసారి చెప్పాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. చొక్కా చేతులు దించుకుని, ఫ్లైవీలు ఎత్తి బిగించాడు. బిగించేముందు చూశాడు కూడా. సీలు ఉండాల్సిన చోట సీలు ఉంది.

ఉంది, కానీ గోధుమరంగుది. చేతికున్నదేమో నల్లది.

అప్పుడాయనకు విషయం తేటతెల్లమైంది. పాత సీళ్లు పీకే పని బావమరిదిది. వాడు వెనకది పీకడం మరిచిపోయి ఉంటాడు. తను చూసింది కాలికాలి రంగు మారిన పాత సీలు. అంటే తప్పు బావమరిదిది. ఈ నిర్ణయానికి రాగానే మేస్త్రికి వేడినీళ్లు వేడిగా తగలడం మొదలుపెట్టాయి. 

"అంతా మీ తమ్ముడి నిర్వాకం" అన్నాడు బయటికొస్తూ.

"వాడేం చేశాడు? చేతికి వేసుకుంది మీరు కదా" అంది భార్య.

ఆమెకు మొదటినుంచీ తమ్ముడంటే పక్షపాతమని మేస్త్రి సరిపెట్టుకున్నాడు. సీలును జేబులో కుక్కితే అంచు నలుగుతుంది. సంచిలో వేస్తే దుమ్ము. కాబట్టి మళ్లీ చేతికే తొడుక్కుని, మీద పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నాడు. దారిలో ఇంకో ఆలోచన వచ్చింది. విప్పి తీసిన పాత సామానంతా పొట్లం కట్టి యజమానికి ఇచ్చెయ్యడం ఆ షెడ్డు పద్ధతి. టీచరమ్మకు నిన్ననే ఇచ్చేశారు. ఆ పొట్లంలో పాత వెనక సీలు లేకపోతే తన అనుమానం రూఢి అయినట్టే. నిలబడి ఫోను చేశాడు.

"టీచరమ్మా, నిన్నటి పాత సామాను పొట్లం ఒకసారి తెస్తారా?"

"ఎందుకు మేస్త్రీ?"

"ఊరికే. ఓసారి చూద్దామని."

"పాత సామాను ఊరికే చూడ్డమేంటి? ఇప్పుడే వస్తున్నాం."

పదింటికి రావలసిన మనుషుల్ని తొమ్మిదింటికే పిలిపించుకున్నానని మేస్త్రికి ఫోను పెట్టేశాక గాని తెలియలేదు. ఆమె డ్రైవింగ్ స్కూలుకు ఉన్నదల్లా ఈ ఒక్క కారు. పదకొండు రోజులుగా అది షెడ్డులో ఉంది. ఆ సాయంత్రం నాలుగింటికి శిష్యులు ముగ్గురికీ లైసెన్సు పరీక్ష. కారు లేకపోతే మళ్లీ రెండు నెలల దాకా వంతు రాదు.

షెడ్డులో బావమరిది అప్పటికే కారు కింద తెల్లగుడ్డ పరిచి, ముడతలు లేకుండా చేత్తో సవరిస్తున్నాడు. ముప్ఫై అయిదేళ్లవాడు, నెమ్మదస్తుడు. పన్నెండేళ్లుగా బావ దగ్గరే పని. ఎప్పుడూ నున్నగా గీసిన మొహంతో ఉంటాడు. ఆ షెడ్డుకు ఒక మీసం చాలని ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు. ఇంజను వెనక భాగం మూసే పని మాత్రం ఆ పన్నెండేళ్లలో ఒక్కసారీ వాడి చేతికి రాలేదు. అది మేస్త్రి సొంతం.

"గుడ్డ తియ్యి. గేర్‌బాక్సు దించాలి" అన్నాడు మేస్త్రి.

బావమరిది వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు. "ఎందుకు బావా?"

ఇక్కడ మేస్త్రి 'వెనక సీలు సంగతి చూడాలి' అని నాలుగు మాటలు అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఎందుకు అయిపోయేదో తర్వాత తెలుస్తుంది. అనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ చొక్కా కింద రింగు చురుక్కుమంది. నిన్న అంత కథ చెప్పి నవ్వించిన నోటితో, సీలు నా చేతికే ఉండిపోయిందిరా అని చెప్పడానికి మొహం చెల్లలేదు.

"క్లచ్చిలో ఏదో శబ్దం" అన్నాడు.

"నిన్న రాత్రి తొక్కి చూశాం కదా. ఏ శబ్దం లేదే."

"నీ చెవికి లేదు. నా చెవికి ఉంది."

బావ చెవి సంగతి వాదించేంత తెగువ బావమరిదికి లేదు. గుడ్డ మడిచి, స్పానర్లు తీసుకుని కారు కిందికి దూరాడు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ పొట్లం పట్టుకుని, వెనక ముగ్గురు శిష్యులతో లోపలికొచ్చింది. కారు జాకీల మీద ఎత్తి ఉంది. కిందనుంచి నట్లు రాలుతున్నాయి. ఆమె మొహం మారిపోయింది.

"ఏంటిది మేస్త్రీ? అయిపోయిందన్నారు?"

"అయిపోయిందమ్మా. అయిపోయింది గానీ క్లచ్చిలో చిన్న శబ్దం."

"క్లచ్చిలోనా?" ఆమె పొట్లం బల్ల మీద పెట్టి మెల్లగా వెనక్కి తిరిగింది. ఆమె జీవితంలో ఒకే ఒక పోరాటం ఉంది. అది క్లచ్చి మీద కాలు పెట్టి నడిపేవాళ్లతో. "చివరిసారి ఈ బండి నడిపిందెవరు?"

శిష్యుల్లో పెద్దవాడు, ఉద్యోగం విరమించిన పోస్టుమాన్, తలొంచుకున్నాడు. ముప్ఫై ఏళ్లు సైకిలు తొక్కిన మనిషి. మనవరాల్ని తనే కారులో బడికి తీసుకెళ్లాలని కోరిక. పరీక్ష ఇప్పటికి మూడుసార్లు తప్పాడు.

"నేనే మేడం."

"ఎన్నిసార్లు చెప్పాను, ఎడంకాలు ఖాళీగా ఉంటే పక్కన పెట్టండి అని?"

"చెప్పారు మేడం. పక్కనే పెడతాను. నాకు తెలియకుండా అదే వచ్చేస్తుంది." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నా మూలాన వీళ్లిద్దరి పరీక్ష కూడా పోతోంది. మేస్త్రిగారూ, క్షమించాలి. ఈ వయసులో నాకెందుకు కారు? నేను మానుకుంటాను మేడం."

మిగతా ఇద్దరు శిష్యులు, నర్సమ్మా టైలరూ, ఆయన్ని ఓదార్చారు. మేస్త్రికి మాత్రం ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. లేని శబ్దానికి ఒక పెద్దమనిషి కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. ఇప్పటికైనా నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. చెప్పాడు కూడా, కాకపోతే మొత్తం చెప్పలేదు. తనకు సంబంధం లేనంత వరకే చెప్పాడు.

"మీ తప్పేం లేదండీ. అసలది క్లచ్చి కాదు. మీ ముందు ఎందుకని దాచాను. ఇంజను వెనక పాత సీలు పీకకుండా వదిలేశాడు మా వాడు. కొత్తది వెయ్యాలంటే మళ్లీ దించాలి."

చెప్పాక, ఒకరిని కాపాడానన్న తృప్తితో నిట్టూర్చాడు. అందరూ కారు కిందికి చూశారు. స్పానరు చప్పుడు ఆగిపోయింది. బావమరిది మెల్లగా బయటికొచ్చి నిలబడి, గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. బావ మొహం వంక చూశాడు. తర్వాత, ఎందుకో గాని, బావ ఎడంచేతి వంక చూశాడు. 

"ఏమయ్యా, నిజమేనా?" అని అడిగింది టీచరమ్మ. "పన్నెండేళ్లబట్టీ పని చేస్తున్నావు. పీకావో లేదో చూసుకోవద్దూ? వీళ్ల పరీక్ష సంగతేం కాను?"

"చూసుకోలేదమ్మా" అన్నాడు బావమరిది. "తప్పయిపోయింది."

అంతే అన్నాడు. మళ్లీ కారు కిందికి వెళ్లిపోయాడు. వాడు కనీసం ఎదురు చెప్పి ఉంటే మేస్త్రికి అరిచి గదమాయించే వీలుండేది. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

మంచినీళ్లు తాగే నెపంతో మేస్త్రి బల్ల మీది పొట్లం తీసుకుని నీళ్లకుండ వెనక్కి పోయాడు. దారం తెంపి చూశాడు. పైనే ఉంది, పాత వెనక సీలు. గట్టిపడి, అంచు చితికిపోయి, బొగ్గులా నల్లగా ఉంది. బావమరిది పీకాడు. పీకి, తుడిచి, అన్నిటికంటే పైన పెట్టి మరీ పొట్లం కట్టాడు.

పాతది ఇక్కడుంది, కొత్తది చేతికుంది. అంటే ఇంజనులో ఏమీ లేదన్నమాట. మరి నిన్న తను చూసిన గోధుమరంగు ఏమిటి? ఏ గ్రీజో, ఏ తుప్పో, చీకట్లో సీలులా కనిపించి ఉంటుంది. సీలు లేని ఇంజను మూసిన మతిలేని మేస్త్రి ఎక్కడో ఎవరో కాదు, తనే. ఇప్పుడైనా బయటికెళ్లి, తప్పు వాడిది కాదని చెప్పవచ్చు. నీళ్లకుండ నుంచి కారు దాకా పది అడుగులు కూడా లేవు. మేస్త్రి ఆ పది అడుగులూ నడిచాడు. ఏమీ చెప్పలేదు. పాత సీలును ప్యాంటు జేబులో అడుగుదాకా తోసేసి, "కానివ్వు, కానివ్వు" అన్నాడు.

అక్కడినుంచి రెండున్నర గంటలు మేస్త్రి పడిన యాతన పగవాడికి కూడా వద్దు. పని మొదలెడితే చొక్కా చేతులు మోచేతి పైకి మడవడం ఆయన అలవాటు. ఇవాళ మడిస్తే కడియం బయటపడుతుంది. మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కారుస్తూ, గేర్‌బాక్సు కింద చెయ్యి పెట్టాడు. చొక్కా చేయి రెండుసార్లు బోల్టుకు పట్టుకుంది. 

"చేతులు మడుచుకోండి మేస్త్రిగారూ, ఉక్కగా ఉంది" అన్నాడు పోస్టుమాన్ జాలిగా.

"చలిగా ఉంది" అన్నాడు మేస్త్రి, ముక్కు మీదినుంచి చెమట బొట్టు జారుతుండగా.

నర్సమ్మ వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదంది గానీ, కూచోమని కుర్చీ వేసింది. టీచరమ్మ మెత్తబడి, పాపం ఒంట్లో బాగాలేకపోయినా బావమరిది చేసిన తప్పు దిద్దడానికి ఎంత కష్టపడుతున్నారో అంది. టైలరు విసనకర్రలా అట్టముక్క ఊపాడు. కారు కింద బావమరిది ఒంటరిగా గేర్‌బాక్సును గుండెల మీద మోస్తూ దించుతున్నాడు. కుర్చీలో కూచున్న మేస్త్రికి, ఆ విసురు గాలి కంటే చెంపదెబ్బలు హాయిగా ఉండేవనిపించింది. సిగ్గుతో చెవులు భగభగ మండాయి. అది చూసి నర్సమ్మ జ్వరం వస్తున్నట్టే ఉందంది.

పదకొండున్నరకు గేర్‌బాక్సు కిందికొచ్చింది. తర్వాత క్లచ్చి. అప్పుడు మేస్త్రి లేచాడు. ఫ్లైవీలు తనే విప్పుతానన్నాడు. లోపలి ఖాళీని ఎవరూ చూడకముందే చేతిమీదిది లాగి లోపలికి తోసెయ్యాలని ఆయన ఆఖరి ఆశ. కానీ అందరూ కారు కిందికి వంగారు. తను పాడుచేయలేదని తెలిశాక ప్రాణం లేచొచ్చిన పోస్టుమాన్ అయితే చేతిదీపం పట్టుకుని చాప మీద బోర్లా పడుకున్నాడు. మేస్త్రి ఆఖరి బోల్టు తీసి, కళ్లు మూసుకుని ఫ్లైవీలు పక్కకు లాగాడు.

ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రి ఒక కన్ను తెరిచాడు.

ఖాళీ లేదు. తుప్పు లేదు. గోధుమరంగు సీలు, కొత్తది, గూట్లో చుట్టూ ఒకే లోతున కూర్చుని ఉంది. అంచు మీద రాసిన ఆయిల్ ఇంకా మెరుస్తోంది. దాని చుట్టూ ఎక్కడా తడి లేదు. సెట్టుతో ఉచితంగా వచ్చే సీలు అది. తను డబ్బాలో పడేసేది.

"ఇది కొత్తదే కదా?" అంది టీచరమ్మ.

"కొత్తదే మేడం" అన్నాడు పోస్టుమాన్. మూడుసార్లు తప్పినవాడు కావడంతో పాఠమంటే ఆయనకు మహా శ్రద్ధ. "కానీ నిన్న మేస్త్రిగారు చేతికి తొడుక్కుని చూపించారే, అది నల్లది. నేను రాసుకున్నాను కూడా. ఆ నల్లది ఏదండీ మేస్త్రిగారూ?"

అయిదు జతల కళ్లు మేస్త్రి వైపు తిరిగాయి. అందులో బావమరిది కళ్లు మాత్రం వెంటనే పక్కకు తప్పుకున్నాయి. "అది వేరే బండిదండీ" అని గొణిగాడు వాడు. ఇంకా కాపాడుతున్నాడు.

ఆ గొణుగుడు విన్నాక మేస్త్రి వల్ల కాలేదు. కారు కిందనుంచి పాకుతూ బయటికొచ్చి, లేచి నిలబడి, ఎడంచేతి గుండీ విప్పాడు. చొక్కా చేయి ఒక్కో మడతా పైకి మడిచాడు. మోచేతి పైన నల్లటి కడియం అందరికీ కనిపించింది. ఇంకో చేత్తో జేబులోంచి పాత సీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాతది వీడు పీకాడు" అన్నాడు. "కొత్తది నేను మరిచిపోయాను. నిన్నటినుంచీ నా చేతికే ఉంది. పొద్దున చూసుకున్నాను. చెప్పడానికి సిగ్గేసి క్లచ్చి అన్నాను. తర్వాత వీడి మీదికి తోశాను. వీడు పీకాడని తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. జ్వరం లేదు. చలి కూడా లేదు."

నర్సమ్మ కుర్చీని వెనక్కి జరిపింది. టైలరు చేతిలోని అట్టముక్క వంక చూసుకుని, దాన్ని మెల్లగా కింద పెట్టాడు. 

"నువ్వెప్పుడు వేశావురా దీన్ని?" అని అడిగాడు మేస్త్రి, బావమరిది మొహం చూడకుండా.

"మీరు గేటు దగ్గరున్నప్పుడు. చీకటి పడుతోంది, గూడు ఖాళీగా ఉంది. సీలు మీ చేతికుందని పిలవబోయాను. అప్పుడే మీరు ఆ సీలు మరిచిపోయిన మేస్త్రి కథ రెండోసారి చెబుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. ఎలా పిలవమంటారు? డబ్బాలోది తీసి నేనే వేసేశాను."

"తర్వాతైనా చెప్పొచ్చు కదా."

"చెబుదామనే అనుకున్నాను బావా. మీరు ఫ్లైవీలు ఎత్తుతూ లోపలికి చూసి, 'ఎంత సమంగా కూర్చుందో చూడు, చెయ్యంటే ఇలా ఉండాలి' అన్నారు. ఇంకేం చెప్పను?"

టీచరమ్మకు నవ్వొచ్చింది. పమిట కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగడం ఆగలేదు. మేస్త్రికి ఆ నవ్వు కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. తను మెచ్చుకున్న చెయ్యి తనది కాదు. పన్నెండేళ్లుగా వెనక మూయడానికి పనికిరాదని తను పక్కన పెట్టిన చెయ్యి అది. అలవాటు కొద్దీ వంగి, వేలితో సీలు అంచు చుట్టూ ఒకసారి తడిమాడు. వంక దొరకలేదు. ఇంకోసారి తడిమాడు. అప్పుడూ దొరకలేదు.

"దాన్ని తీసేసి మీ నల్లది వేద్దామా బావా?" అని అడిగాడు బావమరిది. వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"వద్దు. బాగా కూర్చుంది. ఉంచు." మేస్త్రి స్పానరు వాడి చేతిలో పెట్టాడు. "నువ్వే మూసెయ్యి."

తర్వాత పోస్టుమాన్ దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. "మీ కాలి తప్పేం లేదండీ. క్లచ్చి శుభ్రంగా ఉంది. ఆ శబ్దం నా అబద్ధం."

"అయ్యో, అలా అనకండి మేస్త్రిగారూ" అన్నాడు పోస్టుమాన్. "నేను నిజంగానే కాలు తియ్యను."

బావమరిది మూశాడు. మేస్త్రి బోల్టులు అందించాడు, దీపం పట్టాడు, అడిగిన స్పానరు అడిగినప్పుడు ఇచ్చాడు. ఒక్క సలహా కూడా చెప్పలేదు. అందుకు ఆయన ఎంత అవస్థ పడ్డాడో మీసం కొసలు నమలడం చూసినవాళ్లకు తెలుసు. రెండున్నరకు తెల్లగుడ్డ పరిచారు. అరగంట ఇంజను ఆడింది. టీచరమ్మ వంగి చూసింది. గుడ్డ మీద మరక లేదు. మేస్త్రి గుడ్డను మడిచి, తాళాలతోపాటు బావమరిది చేతికిచ్చాడు. బావమరిది వాటిని టీచరమ్మకు ఇచ్చాడు. మీసం మీదికి మేస్త్రి వేలు వెళ్లబోయి, సగం దారిలో సిగ్గుపడి తిరిగొచ్చింది. మూడూ పదికి కారు గేటు దాటింది. ఆ సాయంత్రం ముగ్గురూ పాసయ్యారు. ఎడంకాలు కనపడేటట్టు పక్కన పెట్టుకున్నందుకు పోస్టుమాన్‌ను పరీక్షాధికారి ప్రత్యేకంగా మెచ్చుకున్నాడట.

మర్నాడు పొద్దున స్నానాలగది గుమ్మం దగ్గర భార్య చెయ్యి మళ్లీ ఆగిపోయింది.

"మీసమేదండీ?"

"తీసేశాను."

"ఇంజను కారిందా?"

"లేదు. మీ తమ్ముడు మూశాడు. ఎలా కారుతుంది?"

"మరెందుకు తీసేశారు?"

మేస్త్రి అక్కడే, గుమ్మంలో నిలబడి, కడియం దగ్గర్నుంచి పోస్టుమాన్ కన్నీళ్ల దాకా మొత్తం చెప్పాడు. తమ్ముడి మీదికి తోసిన ముక్క వచ్చినప్పుడు గొంతు తగ్గించాడు. ఆమె ఆ ముక్క మళ్లీ చెప్పమంది. చెప్పాడు. ఆమె తువ్వాలు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

వీధిలో మాత్రం మేస్త్రి మూసిన ఇంజను కారిందని ఒక్కపూటలో పాకిపోయింది. గోడ మీద రాత ఉంది, మొహం మీద మీసం లేదు, ఇంకేం సాక్ష్యం కావాలి? ఇంజను కారలేదని నమ్మించాలంటే మీసం ఎందుకు పోయిందో చెప్పాలి. అది చెప్పాలంటే దండకడియం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. షెడ్డు పరువు కోసం మేస్త్రి రోజుకు నలుగురైదుగురికి చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడుతూనే ఉన్నాయి. ఇప్పుడు వెనక సీళ్లన్నీ బావమరిదే వేస్తున్నాడు. గోడ మీది రాతను ఎవరూ చెరపలేదు.

నెల తిరిగేసరికి బావమరిది మీసం పెంచడం మొదలుపెట్టాడు.